మన పేరు పెట్టిన రోగం

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఏం రాయాలా అని మేము ఆలోచిస్తున్న రోజుల్లో, నర్సింగ్ చదువుతున్న మన చెల్లెలొకామె ఒక ప్రశ్న పట్టుకొని వచ్చింది. క్లాసులో చర్మవ్యాధుల పాఠం జరుగుతోందట. 'యాస్' అనే జబ్బు గురించి చెబుతూ, దీనికి మన ప్రాంతంలో కోయ రోగమనీ, గోండి రోగమనీ పేర్లున్నాయని చెప్పారట. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచి హాస్టల్లో ఇద్దరు ముగ్గురు ఆమె సబ్బు, తువ్వాలు పక్కకు జరిపి పెట్టడం మొదలుపెట్టారు. "అన్నా, ఆ జబ్బు నేను చూడను కూడా లేదు. మన పేరెందుకు పెట్టారు?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. కొంత చదివి, కొంత పెద్దలను అడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన చరిత్ర అంటే తిరుగుబాట్లు, వీరుల వర్ధంతులు మాత్రమే అనుకుంటాం. మన ఒంటి మీద పుండ్లకూ ఒక చరిత్ర ఉంది. అది కూడా భూమి శిస్తుల్లో, అడవి చట్టాల్లో, కూలి లెక్కల్లో రాసి ఉంది.

ముందు ఆ జబ్బు ఏమిటో చూద్దాం. యాస్ ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. 1905లో కొలంబోలో పనిచేస్తున్న కాస్టెల్లానీ అనే ఇటలీ వైద్యుడు దాన్ని కనుగొన్నాడు. ఇది ఎక్కువగా 15 ఏళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. జబ్బున్న పిల్లవాడి పుండు రసి, మరో పిల్లవాడి ఒంటి మీద గీరుకుపోయిన చోట తగిలితే చాలు, అంటుకుంటుంది. సుమారు మూడు వారాలకు అక్కడ ఒక కురుపు లేస్తుంది. దాన్ని వైద్యులు 'తల్లి పుండు' అంటారు. అది మానినట్టే మాని, కొన్ని వారాలకో నెలలకో ఒళ్ళంతా పిల్ల పుండ్లు వేస్తాయి. అరికాళ్ళలో వేస్తే నడవలేరు. మడమల మీదో, పాదం అంచుల మీదో పీతలా పక్కకు వంగి నడుస్తారు. ఎముకలు నొస్తాయి. ప్రాణం తీయదు. కానీ వైద్యం అందక వదిలేసినవాళ్ళలో పదిమందిలో ఒకరికి, ఏళ్ళు గడిచాక ఎముకలు వంకరపోవడమో, ముక్కు కుంగిపోవడమో జరుగుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఇది సవాయి రోగం కాదు, ఆడామగా కలయిక వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల నుంచి వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. అయితే ఈ రెండు జబ్బుల సూక్ష్మజీవులు ఒకే జాతివి కాబట్టి మామూలు రక్తపరీక్షలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిన్నప్పుడు కాలికి పుండు పడి మానిన మన ఆడపడుచు పెద్దయ్యాక రక్తపరీక్ష చేయించుకుంటే, ఆమె మీద ఎలాంటి నింద పడే అవకాశం ఉందో మీరే ఊహించండి.

జబ్బుకు పేరు పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. ఎవరంటే గిట్టదో వాళ్ళ పేరు పెడతారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన వైద్య గ్రంథంలో సవాయి రోగాన్ని ఫిరంగ రోగమన్నాడు. పోర్చుగీసు పరంగివాళ్ళతో వచ్చిందని దాని అర్థం. మన పచారీ కొట్లలో ఇప్పటికీ దొరికే పరంగిచెక్క ఆ జబ్బుకు మందుగా వాడినదే. సింహళంలో అయితే యాస్‌నే పరంగి అన్నారు. అక్కడివాళ్ళు తమ పిల్లల పుండ్లకు ఓడల్లో వచ్చి తమను ఏలిన దొరల పేరు పెట్టారు. ఇక్కడ మాత్రం మన పిల్లల పుండ్లకు మన పేరే పెట్టారు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో ఇందులోనే తెలిసిపోతుంది.

మరి అసలు ఆ రోగం మనదేనా? మేము చదివినదాంట్లో మమ్మల్ని నిలబెట్టేసిన సంగతి ఇదే. మన దేశంలో యాస్ గురించిన తొలి కబురు కోయ గూడెం నుంచో గోండు గూడెం నుంచో రాలేదు. 1887లో అస్సాం తేయాకు తోటల కూలీల దగ్గర నుంచి వచ్చింది. ఆ తోటల నుంచి ఇళ్ళకు తిరిగివచ్చిన కూలీలతో పాటే అది ఒడిశా, బస్తర్ ప్రాంతాలకు చేరిందని వైద్యులు భావిస్తారు.

ఆ కూలీలు ఎవరు? చోటా నాగపూర్ నుంచీ ఇతర కొండ ప్రాంతాల నుంచీ మేస్త్రీలు మాటలు చెప్పి తీసుకుపోయిన ఆదివాసీలే ఎక్కువ మంది. ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడు మధ్యలో తోట వదిలి పారిపోతే అది నేరం. ఆనాటి చట్టాలు, ముఖ్యంగా 1882 నాటి వలస చట్టం, పారిపోయినవాణ్ణి పట్టుకునే అధికారం తోట యజమానికే ఇచ్చాయి. వరసగా కట్టిన ఇరుకు గదుల్లో కుటుంబాలను కుక్కారు. ఆ చిత్తడి నేలలో, ఆ ఇరుకులో, ఒంటి మీద చాలినంత బట్ట లేని పిల్లల మధ్య పుండు పాకింది. అంటే మన ఇంటి పేరుగా మారిన ఆ రోగం, చాలా వరకు, మన కూలి బతుకు వెంట ఇంటికొచ్చిన రోగం.

ఇంటికొచ్చినంత మాత్రాన అది పాతుకుపోవాలని లేదు. పాతుకుపోవడానికి ఇక్కడా అలాంటి పరిస్థితులే ఏర్పడ్డాయి. సరిగ్గా అదే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు గీశారు. పోడు కొట్టడం నేరమైంది. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, కల్లు మీద పన్నుకూ మన్సబుదారు దౌర్జన్యానికీ వ్యతిరేకంగా రంప మన్యం లేచింది. ఆ చరిత్ర మీకు తెలుసు, మళ్ళీ చెప్పం. మనం గమనించాల్సింది తిరుగుబాటు అణిగిన తర్వాతి కాలాన్ని. పోడు పోయినచోట జొన్న, సామ, చోడి పోయాయి. తిండి గింజల కోసం షావుకారి దగ్గరికి పోవాలి. అప్పు తీర్చడానికి కలప కూపుకు పోవాలి.

1941లో పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య ఉన్న హైమన్‌డార్ఫ్ దొర 1945లో అచ్చయిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' పుస్తకంలో కలప వ్యాపారుల కింద రెడ్లు ఎలా అప్పుల్లో బందీలయ్యారో రాశాడు. నరికిన వెదురు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి పోయేది. నరికినవాడి బాకీ మాత్రం గూడెంలోనే ఉండిపోయేది. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది. తర్వాత 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1/70 వచ్చాయి. ఇన్నిసార్లు చట్టం చేయాల్సి వచ్చిందంటేనే భూమి ఎంతగా చేయి జారిందో అర్థమవుతుంది.

ఇప్పుడు పుండు దగ్గరికి వద్దాం. ఈ రోగానికి కావలసినవి వేడి, తేమ, ఇరుకు, మురికి. వేడీ తేమా అడవివి. ఇరుకూ మురికీ లేమివి. ఒంటికి ఒక్క గోచీ బట్ట ఉన్న పిల్లవాడి కాలు పక్క పిల్లవాడి కాలికి తగులుతుంది. చలికి పొయ్యి చుట్టూ అందరూ ఒకే చాప మీద పడుకుంటారు. వేసవిలో వాగు ఎండితే ఇసుకలో చెలమ తోడి, కుండ నిండే దాకా కూర్చోవాలి. ఆ నీళ్ళు తాగడానికా, ఒళ్ళు కడగడానికా? సబ్బు కొనాలంటే సంతకు పోవాలి. చింతపండు, సారపప్పు దింపి ఉప్పు, ఎండుచేప తెచ్చుకునే ఇంట్లో సబ్బు ఎన్నో వరస ఖర్చు? కుంకుడుకాయ ఏరేది మనమే, అమ్మేదీ మనమే. అది కింద పట్నంలో ఎవరి తలకో పోతుంది. (1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాక కొనుగోలు ధర కొంత మెరుగైంది, ఆ సంస్థ సబ్బులు కూడా తయారు చేస్తుంది. కానీ అదంతా తర్వాతి మాట.)

ఈ వ్యాసం కోసం మేము శబరి ఒడ్డున ఒక గూడెంలో ఒక అవ్వతో మాట్లాడాం. ఏళ్ళు తెలియవు, మనవళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి. ఎడమ కాలి ముందరి ఎముక కత్తిలా వంగి ఉంది. చిన్నప్పుడు పుండ్లొచ్చాయంది. అరికాలు నేల మీద మోపలేక ఒక వానాకాలమంతా అన్న వీపు మీదే తిరిగిందట. ఆకు పసరు పూశారు, వేల్పుకు కోడిని కోశారు. ఒకసారి సూది వేసేవాళ్ళు వస్తున్నారని కబురొస్తే ఊరంతా అడవిలోకి పారిపోయారట. "టోపీ పెట్టుకొని వచ్చినోడెవడైనా పన్నుకో, వెట్టికో, పట్టకపోవడానికో వచ్చేవాడు. సూదికి వస్తాడని ఎవరికి తెలుసు?" అంది. ఆదివాసీలు వైద్యానికి ముందుకు రారు, మూఢనమ్మకాలు ఎక్కువ అని పుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ పారిపోవడం వెనక ఎంత అనుభవం ఉందో ఆ ముక్కలో ఉండదు.

సూది సంగతి నిజంగా అద్భుతం. ఈ జబ్బుకు ఒకే ఒక్క పెన్సిలిన్ సూది చాలు. కొన్ని రోజుల్లో పుండ్లు ఎండిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెన్సిలిన్ విరివిగా తయారైంది. మన దేశంలోనూ 1954లో పింప్రీలో ప్రభుత్వ కర్మాగారం పెట్టారు. 1952 నుంచి 1964 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 46 దేశాల్లో పెద్ద ఎత్తున యాస్ నిర్మూలన చేపట్టాయి. 30 కోట్ల మందిని పరీక్షించి 5 కోట్ల మందికి వైద్యం చేశారు. లోకంలో జబ్బు 95 శాతం తగ్గింది. మన ఏజెన్సీల్లోనూ బృందాలు తిరిగాయి, ఇక్కడా బాగా తగ్గింది.

తగ్గాక ఏం జరిగిందో చూడండి. ఇక పని అయిపోయిందని బృందాలను ఎత్తేశారు. మిగిలిన కొద్దిపాటి కేసులను ఊరి ఆసుపత్రి చూసుకుంటుందనుకున్నారు. ఏ ఊరి ఆసుపత్రి? యాస్ మిగిలి ఉన్నది సరిగ్గా ఆసుపత్రి లేని ఊళ్ళలోనే. వైద్యుల మధ్య ఒక మాట ఉంది: దారి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ యాస్ మొదలవుతుందని. పైగా ఈ రోగం దాక్కుంటుంది. పుండు మానినా లోపల సూక్ష్మజీవి ఏళ్ళ తరబడి ఉండి మళ్ళీ పైకి తేలుతుంది. కనిపించే ఒక్క పిల్లవాడి వెనక కనిపించనివాళ్ళు ఎందరో ఉంటారు. 1970ల చివరికల్లా బస్తర్ వైపు మళ్ళీ కేసులు బయటపడ్డాయి. ఒకసారి గెలిచిన యుద్ధాన్ని నిర్లక్ష్యం వల్ల ఓడిపోయారు. ఓడిన ఫలితం మన పిల్లల కాళ్ళ మీద కనిపించింది.

రెండోసారి పని వేరుగా జరిగింది. 1996-97లో ఒడిశాలోని కోరాపుట్‌లో మొదలుపెట్టి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా జబ్బున్న 10 రాష్ట్రాలకు విస్తరించారు. కొత్త మందు కనిపెట్టలేదు, అదే పెన్సిలిన్. మారింది పద్ధతి. రోగి ఆసుపత్రికి రావాలని చూడకుండా, పుండు ఫొటోలు పట్టుకొని గూడెం గూడెం, ఇల్లిల్లూ వెతుక్కుంటూ పోయారు. ఒక పిల్లవాడికి పుండు కనిపిస్తే అతని ఇంటివాళ్ళకూ, ఆడుకునే తోటి పిల్లలకూ కూడా సూది వేశారు. సంతల్లో, బడుల్లో బొమ్మలు చూపించి చెప్పారు. 1996లో దేశం మొత్తం మీద 3,571 కేసులుండగా 2003 నాటికి 46కు దిగాయి. 2004లో ఒక్కటీ లేదు. 2006లో ప్రభుత్వం జబ్బు పోయిందని ప్రకటించింది. అయినా ఈసారి చేతులు దులుపుకోలేదు. 2009 నుంచి 2011 వరకు జబ్బున్న ప్రాంతాల్లో ఐదేళ్ళ లోపు పిల్లల రక్తం తీసి చూశారు. ప్రకటన తర్వాత పుట్టిన పిల్లల్లో జాడ లేకపోతే అంటుకోవడం ఆగిపోయినట్టే లెక్క. జాడ లేదు. 2016లో భారత్ యాస్ రహిత దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 2012లో ఆ సంస్థ వేసుకున్న ప్రణాళిక కింద ఆ గుర్తింపు పొందిన తొలి దేశం మనదే.

మన చెల్లెలు హాస్టల్లో గేలిపడిన జబ్బు, ఆమె బడికి పోయే వయసుకే ఈ నేల మీద లేదు.

ఇక్కడ మాలో మాకే ఒక వాదన వచ్చింది, అది కూడా మీ ముందు పెడతాం. రోగానికి మూలం పేదరికమే అయితే, పేదరికం పోకుండానే రోగం ఎలా పోయింది? ఒక సూదితో పోయినదానికి భూమి, అడవి, కూలి అంటూ ఇంత చరిత్ర ఎందుకని మాలో ఒకరు గట్టిగా అడిగారు. అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. 'పేదరికం పోయేదాకా జబ్బులు తప్పవు' అనే మాట అధికారుల నోట ఒక సాకుగా కూడా పనికొస్తుంది. యాస్ ఆ సాకును అబద్ధం చేసింది. మందు ఉండి, దాన్ని మోసుకెళ్ళే మనిషి ఉంటే కొండ మీది గూడెంలోనూ రోగం ఆగుతుంది. అదే సమయంలో, మొదటిసారి తగ్గిన రోగం తిరిగి ఎక్కడ లేచిందో కూడా చూడాలి. రోడ్డు పోని చోటే లేచింది. 1990ల నాటికి చాలా గూడేల్లో చేతిపంపులు, కొన్ని దారులు, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. 1970ల నుంచి ఐటీడీఏలు పనిచేస్తున్నాయి. రెండో విజయంలో వాటి వాటా ఎంతో, సూది వాటా ఎంతో ఎవరూ తూచి చెప్పలేరు. మా మటుకు మేము, రెండూ ఉండబట్టే అయిందని అనుకుంటున్నాం.

పైగా అన్ని జబ్బులకూ ఒక్క సూది లేదు. 2018లో ఆదివాసీ ఆరోగ్యం మీద డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో మనం దాదాపు 8 శాతం, మలేరియా కేసుల్లో మన వాటా సుమారు 30 శాతం, మలేరియా చావుల్లో సగం అని అందులో ఉంది. దోమ కులం చూసి కుట్టదు. దోమతెర లేని ఇల్లు, మందు కోసం డోలీ మీద మోసుకుపోయే దూరం, రక్తహీనతతో ముందే నీరసించిన ఒళ్ళు, ఇవి కలిసి జ్వరాన్ని చావుగా మారుస్తాయి. పోలవరం ముంపు నుంచి కాలనీలకు తరలిన కుటుంబాలకు దారి దగ్గరైంది, ఆసుపత్రి దగ్గరైంది. కానీ దుంపలు, ఆకుకూరలు, ఇప్పపువ్వు, వాగు చేపలు దూరమయ్యాయి. ఈ మార్పు పిల్లల ఒంటి మీద ఏ రూపంలో కనిపిస్తుందో గమనించాల్సింది అక్కడ చదువుకున్న మీరే.

ఇంకొక సంగతి రాయకుండా ఉండలేం. ఇప్పుడు సికిల్ సెల్ గురించి అందరూ మాట్లాడుతున్నారు. 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలైంది, 2047 నాటికి నిర్మూలించాలన్నది లక్ష్యం. బడుల్లో, గూడేల్లో రక్తం పరీక్షించి కార్డులు ఇస్తున్నారు. పరీక్ష మంచిదే, మేమంతా చేయించుకున్నాం, మీరూ చేయించుకోండి. అయితే దీన్ని కూడా అప్పుడే 'ఆదివాసీల జబ్బు' అనడం మొదలైంది. ఆ జన్యువు ఆఫ్రికాలో ఉంది, అరబ్బు దేశాల్లో ఉంది, మధ్యధరా తీరాన ఉంది. మలేరియా తరతరాలుగా ఉన్నచోట, ఒకే పాలు వచ్చినవారికి ఆ జ్వరం నుంచి కొంత రక్షణ ఇచ్చింది కాబట్టి నిలిచింది. మన రక్తంలో ఉన్నది కులం గుర్తు కాదు, మలేరియా మధ్య బతికిన మన పూర్వీకుల గుర్తు. ఆ కార్డు సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఇద్దరూ కలిసి చూసుకోవడానికి. పిల్లను వెలివేయడానికి కాదు. రేపు ఏ పాఠంలోనో దీనికి ఎవరి పేరు పెడతారో మనం కాస్త చూస్తూ ఉండాలి.

మన చెల్లెలికి ఇదంతా చెప్పాం. తర్వాతి వారం ఆమె తేయాకు తోటల సంగతితో సహా క్లాసులో పది నిమిషాలు మాట్లాడిందట. తువ్వాలు పక్కకు జరిపిన ఇద్దరిలో ఒకరు క్షమించమని అడిగారు, ఇంకొకరు అడగలేదు.

శబరి ఒడ్డు అవ్వ దగ్గరికి మళ్ళీ పోయి, నీ పుండ్ల జబ్బు ఈ దేశంలో ఇక లేదవ్వా, పెద్ద సంస్థ కాగితం రాసిచ్చింది అని చెప్పాం. దానికి మన పేరు పెట్టిన సంగతి కూడా చెప్పాం. పేరు విషయం ఆమెకు పెద్దగా పట్టలేదు. వంగిన కాలు చాపుకొని కూర్చొని, "కాగితం రాసేవాళ్ళు మీకు తెలిసుంటే, ఆ బోరు పిడి విరిగి రెండు నెలలైంది, ఒక మాట చెప్పండి" అంది. ఆ సాయంత్రమే ఫొటో తీసి పంపాం. ఇది రాసే నాటికి పిడి ఇంకా రాలేదు.